పోస్టర్ దగ్గర ఎవరూ లేరు

మొహమాటం గురించి తెలుగులో ఒక గట్టి సామెత ఉంది. నలుగురిలో చెప్పుకునేది కాదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుకుని ఉంటారు. తెలియనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళను అడక్కపోవడమే మంచిది. ఈ కథలో పెద్దమ్మకు జరిగింది ఆ సామెతలో ఉన్నంత ఘోరమేమీ కాదు గానీ, రోగం మాత్రం అదే.

పెద్దమ్మ అంటే ఎవరి పెద్దమ్మో కాదు. కంప్యూటర్ సైన్స్ పీజీ ఆఖరి ఏడాదిలో మూడో బెంచీ మీద కూర్చునే విద్యార్థిని. యాభైకి దగ్గర పడింది. జుట్టు సగం నెరిసింది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకు అపాయింట్‌మెంట్లు రాసిచ్చింది. కూతురు చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఏడాదే తల్లి సెలవు పెట్టి కాలేజీలో చేరింది. మొదటి రోజు తరగతి గదిలోకి అడుగుపెడితే పిల్లలంతా గబుక్కున లేచి నిలబడ్డారు. టీచర్ కాబోలనుకున్నారు పాపం. ఆమె నేరుగా వెళ్ళి మూడో బెంచీలో కూర్చునేసరికి ఒకడు "పెద్దమ్మా, మీరూ మాతోనేనా?" అన్నాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

మనిషి తెలివైనదే. లెక్కల్లో దిట్ట. ఒక్కటే లోపం. ఎవరు ఏది చేతికిచ్చినా పట్టుకుంటుంది. పుట్టింట్లో పెళ్ళి జరిగితే "అక్కా, ఈ సంచి కాస్త పట్టుకో" అని చెల్లెలు, అత్తింట్లో శుభకార్యమైతే "వదినా, పిల్లాణ్ణి ఒక్క నిమిషం చూస్తుండు" అని ఆడపడుచు. ఆ ఒక్క నిమిషం ఫొటోలు తీసే నిమిషమే అవుతుంది ఎప్పుడూ. ఆ ఇంటి ఆల్బమ్‌లన్నీ తిరగేస్తే పెద్దమ్మ ఎక్కడా కనబడదు. కనబడినా ఓ మూల, నాలుగు సంచుల మధ్య, ఒక మోచెయ్యి. "అదిగో, ఆ మోచెయ్యి మా అమ్మది" అని కూతురు చుట్టాలకు చూపించి నవ్వుతుంది. తల్లి కూడా నవ్వుతుంది. ఆ నవ్వు వెనక కాస్త చురుక్కుమంటుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఈ సదస్సుకు బయలుదేరేటప్పుడు కూతురు గుమ్మం దగ్గర నిలబెట్టి మరీ చెప్పింది. "అమ్మా, నాకో మాటివ్వు. అక్కడ ఎవరేం ఇచ్చినా పట్టుకోకు."

"నేనేమన్నా చిన్నపిల్లనా?" అంది పెద్దమ్మ.

"చిన్నపిల్లవైతే బెంగే లేదు. వాళ్ళు ఏడ్చి గోల చేసైనా వద్దంటారు."

సదస్సంటే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు, కంపెనీల వాళ్ళు, ల్యాబ్‌ల వాళ్ళు కలిసి కంప్యూటర్ల మీద తాము చేసిన పని చెప్పుకునే జాతర. అందులో ఒక పెద్ద హాలు మొత్తం కుర్రకారుకు వదిలేశారు. గుమ్మం మీద 'విద్యార్థులకు అవకాశాలు' అని బ్యానర్ కట్టారు. అవకాశాలంటే ఏమిటయ్యా అంటే, మైకులూ కుర్చీలూ మోసే వాలంటీర్లకు లోపలికి ఉచిత ప్రవేశం. పేరున్నవాళ్ళ పక్కన కూర్చుని ఒక పూట భోజనం. అన్నిటికన్నా ముఖ్యం, పోస్టర్ల పోటీ. తను చేసిన పరిశోధనను ఒక పెద్ద కాగితం మీద వేయించి, బోర్డుకు గుచ్చి, పక్కన నిలబడాలి. జడ్జీలు తిరుగుతూ వచ్చి ప్రశ్నలడుగుతారు. ఒక్కో పోస్టర్‌కు ఇద్దరు జడ్జీలు, వేర్వేరుగా వస్తారు. వచ్చినప్పుడు మనిషి లేకపోతే 'హాజరు లేరు' అని రాసుకుని వెళ్ళిపోతారు. ఆ మాట పడితే పోటీలోంచి పోయినట్టే. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు ఒక పేరున్న ల్యాబ్‌లో ఏడాదిపాటు పరిశోధన చేసే సీటు. ఒకే ఒక్క సీటు.

ఆ సీటు పెద్దమ్మకు కావాలి. గట్టిగా కావాలి. వచ్చే నెలతో చదువు అయిపోతుంది. ఆసుపత్రి సూపర్‌వైజర్ అప్పుడే ఫోన్ చేసి "మీ కుర్చీ మీకోసం అలాగే ఉంచామమ్మా" అని ప్రేమగా చెప్పాడు. ఆయన ప్రేమకు ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ కుర్చీ అంటే ఆమెకు కోపం లేదు. కానీ అందులో ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఆమెకు తెలుసు.

ఆమె పోస్టర్ పేరు 'రానివాళ్ళు'. అపాయింట్‌మెంట్ తీసుకుని రాకుండా పోయేవాళ్ళు ప్రతి ఆసుపత్రికీ పెద్ద తలనొప్పి. డాక్టర్ ఖాళీగా కూర్చుంటాడు, బయట వరసలో జనం విసుక్కుంటారు. ఎవరు వస్తారో, ఎవరు రారో ముందే ఊహించే ప్రోగ్రామ్ రాసింది పెద్దమ్మ. పాత రికార్డుల మీద పరీక్షిస్తే నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పింది. ఆ తొంభైని పోస్టర్ మధ్యలో పెద్ద అక్షరాల్లో వేయించింది. గైడు భుజం తట్టాడు. కూతురు దగ్గరుండి ప్రింటు తీయించింది.

ఆ ఉదయం హాల్లో వరసగా బోర్డులు. పిన్నులు గుచ్చే చప్పుడు, తాజా కాగితం వాసన. పెద్దమ్మ పక్క బోర్డు కుర్రాడొకడు క్షణం కుదురుగా నిలబడడు. అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు, పిన్నుల డబ్బా కింద పడేస్తాడు. 'బొంగరం' అని పెద్దమ్మ మనసులో పేరు పెట్టేసింది. పడేసిన పిన్నులు ఏరి, అతని పోస్టర్ నాలుగు మూలలూ తనే గుచ్చింది. తీరా తన పోస్టర్‌కు వచ్చేసరికి ఒక మూలకు పిన్ను లేదు. ఇంకెవరైనా అయితే ఒకటి వెనక్కి అడుగుతారు.

"ఉండు బాబూ, బల్ల దగ్గర అడిగి తెచ్చుకుంటాను" అని బయలుదేరింది.

గుమ్మం దగ్గరి బల్ల వెనక నిర్వాహకురాలు. రెండు చేతుల్లో రెండు ఫోన్లు, మెడలో మూడు బ్యాడ్జి తాళ్ళు, చుట్టూ పదిమంది. పెద్దమ్మ ఇస్త్రీ కోటు వేసుకుంది. మెడలోని బ్యాడ్జి, బ్యాడ్జీలన్నిటికీ ఉండే దుర్గుణం కొద్దీ, వెనక్కి తిరిగి తెల్లగా వేలాడుతోంది. ఆ నెరిసిన జుట్టు, ఆ కోటు, ఆ కళ్ళద్దాలు చూడగానే నిర్వాహకురాలి ముఖం వెలిగిపోయింది.

"అమ్మయ్య, వచ్చేశారా మేడం! మీకోసమే చూస్తున్నాం. ఇదిగో మీ ఫైలు. ఎనిమిది పోస్టర్లు, ఒక్కోదానికి ఒక్కో కాగితం. ఒక్కటొక్కటీ చూసుకుంటూ తిప్పండి."

"అది కాదండీ, నేను పిన్ను కోసం..."

"పిన్నా? ఇదిగో!" అని ఎర్ర రిబ్బను పువ్వొకటి తీసి కోటుకు తనే పిన్ను పెట్టి గుచ్చింది. పువ్వు మధ్యలో 'జడ్జి' అని ఉంది. ఫైలు చేతిలో పెట్టింది. పెద్దమ్మ పట్టుకుంది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 'నేను జడ్జిని కాదు' అనడానికి మూడు మాటలు. నోరు తెరిస్తే అయిపోయేది. కానీ అప్పటికే నిర్వాహకురాలు ఫోన్లో ఎవరినో కేకలేస్తోంది. మధ్యలో అడ్డుపడితే బావుండదని పెద్దమ్మ ఆగింది. ఆగిన కాస్సేపట్లో ఒక వాలంటీర్ కుర్చీ జరిపాడు, ఇంకొకడు మంచినీళ్ళు తెచ్చాడు. "ఇటు రండి మేడం" అని మూడోవాడు దారి చూపించాడు. జనం పక్కకు తప్పుకున్నారు.

నిజం చెప్పుకోవాలి. మొదటి నిమిషం మొహమాటం. రెండో నిమిషం నుంచి ఆమెకు అది నచ్చింది. పద్దెనిమిదేళ్ళు బల్ల వెనక కూర్చుని ఎదుటివాళ్ళ చిరాకు భరించిన మనిషి. రెండేళ్ళుగా కొడుకు వయసు వాళ్ళతో పరీక్షలు రాస్తున్న మనిషి. అలాంటి ఆమెకు హాలంతా దారివ్వడం తియ్యగా తోచింది. ఒక్క పోస్టర్ చూసి ఫైలు వెనక్కి ఇచ్చేద్దాం అనుకుంది. ఆ ఒక్కటీ చూశాక, రెండోది కూడా చూసి ఇచ్చేద్దాం అనుకుంది.

మొదటి పోస్టర్ దగ్గర ఒక అమ్మాయి. ఆకుల ఫొటో చూసి చెట్టుకు ఏం తెగులో చెప్పే ప్రోగ్రామ్ రాసింది. బట్టీ పట్టిన పాఠం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. పెద్దమ్మకు ఏం అడగాలో తెలియలేదు. ఆసుపత్రిలో కొత్త మందు అమ్మడానికి వచ్చేవాళ్ళను పాత డాక్టరొకాయన అడిగే ప్రశ్న గుర్తొచ్చి అదే అడిగింది.

"బాగానే ఉందమ్మా. మరి ఇది ఎక్కడ పనిచెయ్యదు?"

అమ్మాయి తెల్లబోయింది. "అన్నిచోట్లా పనిచేస్తుందండీ."

"అన్నిచోట్లా పనిచేసేది ఈ లోకంలో ఏదైనా ఉందా?"

అమ్మాయి నేల చూపులు చూసింది. పెద్దమ్మ మార్కులు కోసింది. కలం పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా మొదట కోతే నేర్చుకుంటుంది.

అక్కణ్ణుంచి ప్రతిచోటా అదే ప్రశ్న. ట్రాఫిక్ దీపాల అబ్బాయి తడబడ్డాడు. ఉత్తరాలు చదివి పెట్టే ప్రోగ్రామ్ రాసిన జంట ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు పనిచెయ్యని చోట్లు చిన్న అక్షరాల్లో కింద రాశానని చూపించాడు. వంగి, కళ్ళద్దాలు సర్దుకుని చదివితే గానీ కనబడని అక్షరాలు. "దాచాల్సినంత తప్పైతే చెయ్యడం దేనికి, చేశాక దాచడం దేనికి?" అంది పెద్దమ్మ గంభీరంగా. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే భలేగా వినబడింది. నీతులున్నవి ఎదుటివాళ్ళకు చెప్పడానికే కదా.

కాగితాలు తిప్పుకుంటూ ఏడోదానికి వచ్చేసరికి ఎదురుగా బొంగరం.

"పెద్దమ్మా!" పొద్దున పరిచయంలో ఆ పేరు అతనికీ చెప్పింది. "మీరు జడ్జా? పొద్దున నా పిన్నులు ఏరింది మీరే కదా!"

"ష్! అదొక పెద్ద కథ. ముందు నీ సంగతి చెప్పు. నీది ఎక్కడ పనిచెయ్యదు?"

అతనిది మోటార్ల చప్పుడు విని, ఏది చెడిపోబోతోందో ముందే చెప్పే ప్రోగ్రామ్. "పక్కన ఇంకో మోటరు తిరుగుతుంటే చచ్చినా పనిచెయ్యదండీ" అన్నాడు ఠక్కున. "అదే మా పెద్ద బాధ. రెండు చప్పుళ్ళు కలిస్తే దానికి బుర్ర తిరుగుతుంది. ఇదిగో, పైనే రాశాను చూడండి." నిజంగానే పైనే, పోస్టర్ పేరు కిందే రాసి ఉంది. అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది. అతను అటు ఇటు చూసి గొంతు తగ్గించాడు.

"అది సరే గానీ, మీ పోస్టర్ దగ్గరికి జడ్జి ఒకాయన, ఆ మీసాలాయన, వచ్చాడు. ఇప్పుడే వస్తారండీ అని చెప్పాను. ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాడు. అప్పుడూ మీరు లేరు. లేరని రాసుకుని వెళ్ళిపోయాడు."

అంతసేపూ పెద్దమ్మ చుట్టూ గిర్రున తిరిగిన గౌరవం, మర్యాద అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చేతిలోని ఫైలు కిందికి దిగింది. ఏడో కాగితం దానంతటదే తిరిగి ఎనిమిదోది పైకి వచ్చింది. దాని మీద ఉన్నది ఆమె పోస్టర్ నంబరే.

ఆమె పక్కకు తిరిగి చూసింది. పిన్ను లేని మూల మడతపడి వేలాడుతున్న తన పోస్టర్. దాని ముందు ఒక అమ్మాయి నిలబడి చదువుతోంది. పాతికేళ్ళు కూడా ఉన్నట్టు లేదు. జుట్టు రబ్బరు బ్యాండుతో ముడేసుకుంది, భుజానికి గుడ్డ సంచి. మెడలో బ్యాడ్జి కూడా లేదు.

కలం పెద్దమ్మ చేతిలోనే ఉంది. కాగితమూ చేతిలోనే ఉంది. మీసాలాయన లేరన్నాడు సరే, రెండో జడ్జి ఉన్నారని రాసి పూర్తి మార్కులు వేస్తే? ఇద్దరి మాటా కలవకపోతే ఇంకోసారి చూస్తారేమో. అడిగేవాళ్ళెవరు? ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. రాలేదని చెబితే అది అబద్ధం. వచ్చి మనసులో కాసేపు కూర్చుంది కూడా.

"ఈ పోస్టర్ వాళ్ళు లేరండీ" అంది ఆ అమ్మాయి, ఎర్ర పువ్వు చూసి. "నేను ఊరికే చదువుతున్నాను."

"ఎలా ఉంది?" అంది పెద్దమ్మ.

"పని శ్రద్ధగా చేశారు. చాలా ఏళ్ళు దగ్గరుండి చూసిన మనిషెవరో చేసినట్టుంది. కానీ ఒకటి అర్థం కాలేదు." అమ్మాయి ఆ పెద్ద తొంభై మీద వేలు పెట్టింది. "రానివాళ్ళంటే ఎవరు? ఆసుపత్రికే రానివాళ్ళా? పేరు పిలిచినప్పుడు పలకనివాళ్ళా? రెండూ ఒకటి కాదు కదా."

రెండూ ఒకటి కాదని పెద్దమ్మకు తెలిసినంతగా ఈ హాల్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి పైఅంతస్తులో కూర్చోవలసిన ఒక ముసలాయన కింది అంతస్తులో, చీటీ పట్టుకుని, మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆయన పేరు పక్కన 'రాలేదు' అని రాసింది ఆమే. ఎవరో తల్లి "ఒక్క నిమిషం చూస్తుండమ్మా" అని పిల్లను చేతికిచ్చి లోపలికి వెళ్తే, ఆ పిల్లను వదల్లేక తన పేరు పిలిచినా లేవలేకపోయిన ఆవిడ ఇంకొకరు. ఆమెకూ 'రాలేదు' అనే రాసింది. అలాంటివాళ్ళు ఎంతమందో. పోస్టర్ రాసేటప్పుడు వాళ్ళంతా గుర్తొచ్చారు. వాళ్ళను చేరిస్తే ఆ తొంభై నిలబడదని, గైడు భుజం తట్టడని, ఒక్క వాక్యం కూడా రాయకుండా వదిలేసింది. కింద చిన్న అక్షరాల్లోనైనా రాసినవాడు నయం. వాడికి మార్కులు కోసింది ఇందాకే.

వచ్చి కూడా లేనివాళ్ళు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పెద్దమ్మకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఇందాక ఇక్కడికి వచ్చిన మీసాలాయన కూడా ఎవరూ లేరనే రాశారట" అంది.

"అవును, నేనూ చూశాను."

"లేకపోవడం కాదమ్మా. ఉంది. ఈ హాల్లోనే ఉంది. ఈ పోస్టర్ నాది."

అమ్మాయి పోస్టర్ వంక చూసింది, ఎర్ర పువ్వు వంక చూసింది, చివరకు ఫైలు వంక చూసింది. అప్పుడు మెల్లగా నవ్వింది.

"అయితే మీ చేతిలో ఉన్నది నా ఫైలు" అంది.

పెద్దమ్మ ఫైలు మూసి ఆమె చేతికిచ్చింది.

"నేను కొంచెం ఆలస్యంగా వచ్చాను. ఫైలు అప్పుడే తీసుకెళ్ళారన్నారు. జడ్జిని నేనేనండీ అన్నాను. నవ్వి, 'పిల్లలంతా పోస్టర్ల దగ్గర నిలబడండి, ఇక్కడ గుమికూడకండి' అన్నారు. రెండుసార్లు చెప్పాను, మూడోసారి గట్టిగా చెప్పాను. ఇంకెవరినో కనుక్కుంటామన్నారు. ఈలోగా ఇది చదువుదామని వచ్చాను." అప్పుడు అడిగింది. "మీరు చెప్పలేదా? జడ్జిని కాదని?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదమ్మా."

ఆ అమ్మాయి విద్యార్థిని కాదు, ప్రొఫెసర్. అంతేకాదు, ఆ ఒక్క సీటు ఉన్న ల్యాబ్ ఆమెదే. ఈ సంగతి పెద్దమ్మకు గుమ్మం దగ్గరి బల్ల చేరాక, నిర్వాహకురాలు రెండు ఫోన్లూ కింద పెట్టి నెత్తి బాదుకుంటున్నప్పుడు తెలిసింది. "అయ్యో మేడం, మీరైనా చెప్పొచ్చు కదా!" అంటూ ఇద్దరికీ కలిపి క్షమాపణలు చెప్పింది. మీసాలాయన్ని పిలిపించారు. ఆయన మంచివాడే. పొరపాటు నిర్వాహకులది కాబట్టి ఆ 'హాజరు లేరు' కొట్టేసి మళ్ళీ చూద్దామా అన్నాడు. పెద్దమ్మ ప్రాణం లేచొచ్చింది.

చిన్న ప్రొఫెసర్ పెద్దమ్మ వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఈయన వచ్చినప్పుడు మీరు ఏం చేస్తున్నారు?"

"ఇంకొకరి పని చేస్తున్నాను."

"ఎవరైనా బలవంతం చేశారా?"

పెద్దమ్మ నిర్వాహకురాలి వంక చూసింది. ఆ కళ్ళు 'అవును, నేనే అంటగట్టానని చెప్పండి' అంటున్నాయి. చెప్పొచ్చు. సగం నిజమే. కానీ మంచినీళ్ళు, కుర్చీ, దారి గుర్తొచ్చాయి.

"లేదు. మొదట చెప్పలేకపోయాను. తర్వాత చెప్పాలనిపించలేదు."

"ఆ ఏడు పోస్టర్ల వాళ్ళూ మీ ప్రశ్నలకు వణుకుతూ జవాబు చెప్పారు. వాళ్ళందరినీ నేను మళ్ళీ మొదటినుంచి చూడాలి. మిమ్మల్ని మాత్రం చూడలేను. మిగతావాళ్ళ మీద కలం పెట్టినవాళ్ళు పోటీలో ఉండకూడదు కదండీ."

అందులో కసి లేదు, జాలి కూడా లేదు. పెద్దమ్మ కోటు నుంచి ఎర్ర పువ్వు తీసి బల్ల మీద పెట్టింది. పిన్ను మాత్రం ఉంచుకుంది. దానికోసమే కదా వచ్చింది.

సాయంత్రం బస గదిలో కూర్చుని కూతురికి ఫోన్ చేసింది.

"వచ్చిందా?" అంది కూతురు ఆత్రంగా.

"లేదు."

"ఏం అడిగారు?"

"ఏం అడగలేదు. వాళ్ళొచ్చినప్పుడు నేను అక్కడ లేను."

కూతురు నిదానంగా అడిగింది. "ఈసారి ఎవరిది పట్టుకున్నావమ్మా?"

"జడ్జి ఫైలు."

కూతురు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చడం వినబడింది. "నీకు ఎన్నిసార్లు చెప్పానమ్మా! ఎన్నిసార్లు!" అని అరిచింది. పెద్దమ్మ అరవనిచ్చింది. అరుపు తన మీద కాదని, ఆల్బమ్‌లోని మోచేతి మీదని ఆమెకు తెలుసు. అరిచి అరిచి అలసిపోయాక కూతురు అడిగింది. "పోస్టర్ తీసేశారా?"

"రేపు మధ్యాహ్నం దాకా ఉంటుంది."

"అయితే దాని పక్కన నిలబడు. ఎవరొచ్చినా రాకపోయినా."

మర్నాడు పెద్దమ్మ అందరికన్నా ముందు హాలుకు వెళ్ళింది. మడతపడిన మూలకు పిన్ను గుచ్చింది. తర్వాత పెన్ను తీసి ఆ తొంభై కింద, పెద్ద అక్షరాల్లో, చేత్తో రాసింది. 'ఇందులో రానివాళ్ళందరూ రానివాళ్ళు కాదు. వచ్చి తప్పు గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు, ఇంకొకరి పని నెత్తిన వేసుకుని పిలిచినా పలకనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళెంతమందో నేను లెక్కపెట్టలేదు.' మెరిసే ప్రింటు మీద ఆ రాత వంకరగా, చెత్తగా ఉంది. ఉంటే ఉందిలే అనుకుంది.

హాలు దాదాపు ఖాళీ. బహుమతులు పక్క హాల్లో ఇస్తున్నారు. చప్పట్లు వినబడ్డాయి. కాసేపటికి బొంగరం పరుగెత్తుకుంటూ వచ్చి "పెద్దమ్మా, నాకే!" అని రెండు చుట్లు తిరిగాడు. ఆ సీటు అతనికి దక్కింది. పెద్దమ్మకు గుండెల్లో కలుక్కుమంది. ఇంకోవైపు, నిన్న తను వేసిన మార్కులు తప్పు కాలేదని కాస్త గర్వమూ కలిగింది. రెండూ నిజమే. "పో బాబూ, మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పు" అని పంపేసింది.

తను కదల్లేదు. కాళ్ళు లాగుతున్నా కూర్చోలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి పోస్టర్ వంక ఒక చూపు చూసి వెళ్ళిపోయారు.

అంతలో నిర్వాహకురాలు దూసుకొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఒక ఫోను, చేతుల నిండా బ్యాడ్జి తాళ్ళ చిక్కు, దాని పైన రెండు మైకులు, చంకలో బ్యానర్. ఎదురుగా తెలిసిన ముఖం కనబడేసరికి ప్రాణం కుదుటపడినట్టుంది. "అబ్బ, మేడం, మీరున్నారు! కాస్త ఇవి పట్టుకుంటారా? ఒక్క నిమిషం!"

పెద్దమ్మ చేతులు వాటంతటవే లేచాయి. అరచేతులు పైకి తిరిగాయి కూడా. వాటిని చూసుకుంది. తర్వాత రెండు చేతులూ దించి కోటు జేబుల్లో పెట్టుకుంది.

"పట్టుకోనండీ" అంది. "నేను పోస్టర్ దగ్గరున్నాను."

గొంతు చిన్నగానే వచ్చింది గానీ వణకలేదు. నిర్వాహకురాలి చేతుల్లోని మైకు జారబోయింది.

"ఇటివ్వండి" అంటూ పక్కనుంచి రెండు చేతులు వచ్చి ఆ తాళ్ళ చిక్కునూ మైకులనూ అందుకున్నాయి. చిన్న ప్రొఫెసర్. అదే గుడ్డ సంచి, అదే రబ్బరు బ్యాండు. ఎప్పుడు వచ్చిందో పెద్దమ్మ చూడలేదు. నిర్వాహకురాలు ఎవరి చేతికిచ్చిందో కూడా చూసుకోకుండా ఫోన్లో మాట్లాడుతూ వెళ్ళిపోయింది.

చిన్న ప్రొఫెసర్ ఆ బరువు అలాగే గుండెలకు పొదువుకుని, మెడ వంచి, చేత్తో రాసిన మూడు వాక్యాలూ చదివింది. మళ్ళీ ఒకసారి చదివింది.

"నిన్న నేనడిగిన దానికి మీ జవాబు వినలేదు" అంది. "పోటీ అయిపోయింది. ఇవ్వడానికి నా దగ్గర సీటూ లేదు. అయినా చెబుతారా? నిన్న మీరు అందరినీ అడిగారట, అదే అడుగుతున్నాను. ఇది ఎక్కడ పనిచెయ్యదు?"

పెద్దమ్మ జేబుల్లోంచి చేతులు తీసింది. రెండూ ఖాళీగా ఉన్నాయి. పెన్నుతో రాసిన మొదటి వాక్యం మీద వేలు పెట్టి, ఆ ముసలాయన సంగతితో మొదలుపెట్టింది.